గంట కన్నా ముందు

వేయించిన బంగాళాదుంపలూ బన్నులూ అమ్మే నలభై ఆరు దుకాణాల యజమానికి ఇప్పుడు మిగిలిన పని ఒక్కటే, సంతకం. పెత్తనమంతా కూతురి చేతికి వెళ్ళిపోయింది. ఆమె తండ్రి కన్నా బాగానే చేస్తోందని అందరూ అనుకుంటారు, ఆయన ఎదుట మాత్రం అనరు. తనిఖీలో తప్పినవాళ్ళ కాగితాలు తన బల్ల మీదికే రావాలని మాత్రం పెద్దాయన పట్టుబట్టి నిలుపుకున్నాడు. సోమవారం పొద్దున అవి వస్తాయి. ఆయన టీ తాగుతూ సంతకాలు పెడతాడు. మర్నాటికల్లా వాటి నకళ్ళు నలభై ఆరు వంటగదుల్లోనూ గోడలకెక్కి వారం పాటు ఉంటాయి. ఒకళ్ళు చేసిన తప్పు అందరూ చదివి బుద్ధి తెచ్చుకోవాలని ఆయన పెట్టిన పద్ధతి అది. బన్ను వంకరగా కోసినవాళ్ళు, చేతులు కడుక్కోకుండా తొడుగులు వేసుకున్నవాళ్ళు, అందరూ ఆ గోడల మీద వారం వేలాడినవాళ్ళే. మూడుసార్లు తప్పితే ఉద్యోగం పోతుంది. మా అమ్మ వచ్చి పనిచేసినా ఇంతే అని ఆయన ప్రతి సమావేశంలోనూ అనేవాడు. పాపం ఆ తల్లి ఎప్పుడో పోయింది కాబట్టి ఆ మాట పరీక్షకు రాలేదు.

ఆ సోమవారం నాలుగు కాగితాలు వచ్చాయి. మూడింటి మీద చూడకుండానే సంతకం చేశాడు. నాలుగోదాని మీద కలం ఆనించి ఎందుకో ఆగాడు.

ఒకటో నంబరు దుకాణం. నూనె తొట్టి. తప్పు: గంట మోగడం కన్నా ముందు నూనెలోంచి బుట్ట తీశారు. గమనించిన పన్నెండు బుట్టల్లో పన్నెండూ. ఇది రెండో తప్పు. మూడో తనిఖీ గురువారం.

కింద కారణం అని ఒక గడి ఉంది. అది ఎప్పుడూ ఖాళీగానే వస్తుంది. ఫారం తయారుచేసినప్పుడు ఆయనే పెట్టించాడు గానీ, ఎందుకు తప్పారు అని ఎవరినీ అడిగిన పాపాన పోలేదు.

ఒకటో నంబరులో నూనె తొట్టి దగ్గర ఎవరుంటారో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు. మొదటి రోజు నుంచీ అక్కడ ఉన్నది ఒక్క మనిషే. పనివాళ్ళంతా ఆమెను నూనెక్క అంటారు.

కాగితం పట్టుకుని పక్క గదిలోకి వెళ్ళాడు. కూతురు ఫోను చెవిన పెట్టుకునే కుర్చీ చూపించింది. ఆయన కూర్చోలేదు. ఫోను పెట్టేసేదాకా నిలబడి, "మొదటిసారి తప్పినప్పుడు కూడా నేనే సంతకం పెట్టానా?" అని అడిగాడు.

"పోయిన నెల. నువ్వు టీ తాగుతున్నావు నాన్నా."

"పన్నెండుకి పన్నెండు తప్పడమేమిటి? మతిగానీ పోయిందా ఆవిడకి?"

"కొత్త తొట్లు పెట్టాం కదా. బుట్ట దించగానే లెక్క దానంతటదే మొదలవుతుంది. రెండొందల సెకన్లకి గంట కొడుతుంది. ఎప్పుడు పైకి తీశారో చీటీ అచ్చవుతుంది. ఇదివరకు గోడ గడియారం చూసి చేసేవాళ్ళు, ఎవరెప్పుడు తీశారో ఎవరు చూడొచ్చారు? ఈవిడ ఇన్నేళ్ళూ ముందే తీస్తోందేమో. ఇప్పుడు దొరికింది."

"నేను వెళ్ళి ఒక్కమాట చెప్తే సరిపోతుందిలే."

"చెప్పి చూడు. రూలు నీదే."

ఆయన ఆ నాలుగోదాని మీదా సంతకం పెట్టి ఇచ్చాడు.

రెండు వందల సెకన్లంటే ఆ సంస్థకు మామూలు అంకె కాదు. బోర్డు మీద అదే, పొట్లాల మీద అదే, కాగితపు గ్లాసుల మీద అదే. దుకాణం అసలు పేరు జనం ఎప్పుడో మర్చిపోయారు, పద రెండొందలకి వెళ్దాం అంటారు. ప్రతి దుకాణంలోనూ గల్లా పెట్టె వెనకాల ఒక ఫోటో ఉంటుంది. అందులో పొయ్యి పక్కన గడియారం పట్టుకుని బక్కపల్చటి మనిషొకడు నిలబడి ఉంటాడు. అది వయసులో ఉన్నప్పటి పెద్దాయన. ఆ అంకెను ఎంత కష్టపడి కనిపెట్టాడో కింద నాలుగు వాక్యాలుంటాయి. ఆ నాలుగు వాక్యాలూ పెద్దాయనే రాసుకున్నాడు. రాసి ముప్పై ఏళ్ళు దాటింది కాబట్టి వాటిని ఇప్పుడు ఆయనే గట్టిగా నమ్ముతున్నాడు.

మంగళవారం పొద్దున, దుకాణం తలుపులు ఇంకా తెరవకముందే, పెద్దాయన వెనక గుమ్మం నుంచి ఒకటో నంబరు వంటగదిలోకి వెళ్ళాడు. మేనేజరు కంగారుగా ఎదురొచ్చి కుర్చీ తుడవబోయాడు. వద్దని చెయ్యి ఊపి నూనె తొట్టి వైపు నడిచాడు.

నూనెక్క వీపు ఇటుంది. నీళ్ళ తొట్టిలోంచి బంగాళాదుంప ముక్కలు దోసిళ్ళతో తీసి గుడ్డ మీద పరుస్తోంది. ఇంకో గుడ్డ పైన కప్పి రెండు అరచేతులతోనూ అద్దుతోంది. ఒక ముక్క తీసి విరిచి చూసింది, ఇంకోటి విరిచింది, తనలో తనే తలాడించింది. ఆమె తలకి జానెడు పైన, గోడ మీద, ఆమె తప్పు కాగితం అంటించి ఉంది. దానికింద నిలబడి రోజుకి తొమ్మిది గంటలు పనిచేస్తోంది మనిషి. అది చూసి పెద్దాయనకు మొదటిసారిగా చిన్నతనం అనిపించింది. కాగితాలు గోడకెక్కించమని చెప్పినవాడు గోడ కింద ఎవరు నిలబడతారో ఎప్పుడూ వచ్చి చూడలేదు.

ఆమె బుట్ట దించింది. తొట్టి అంచున ఉన్న పలకలో అంకెలు పరుగెత్తడం మొదలైంది. ఆమె వాటివైపు చూడలేదు. ఎడమ చెవి కాస్త వంచి, గోడలో ఎక్కడో ఒకచోట చూపు నిలిపింది. నూనె మొదట గోల పెట్టింది. తర్వాత వాన తగ్గుతున్నట్టు సన్నబడింది. ఇంకా సన్నబడి చిటచిటలాడుతుండగా ఆమె చెయ్యి దానంతటదే లేచి బుట్ట ఎత్తేసింది. విదిలించింది, పళ్ళెంలో కుమ్మరించింది, ఉప్పు చల్లింది. అప్పుడు గంట కొట్టింది, ఖాళీ నూనె మీద.

"అక్కా" అన్నాడు పెద్దాయన.

ఆమె వెనక్కి తిరిగి కొంగుతో చేతులు తుడుచుకుంది. "రండి సార్. బావున్నారా?"

ఒకప్పుడు తమ్ముడూ అనేది. ఎప్పుడు సార్ అయ్యాడో ఆయనకు గుర్తులేదు. అనమన్నవాళ్ళు లేరు, మానమన్నవాళ్ళూ లేరు.

"గంట దాకా ఆగొచ్చు కదక్కా. ఇరవై సెకన్లే కదా. ఎల్లుండి మళ్ళీ వస్తారు. ఆ ఒక్కపూటా ఆగావంటే గొడవ తీరిపోతుంది."

"ఆగితే ముదిరిపోతాయి సార్."

"మిగతా నలభై అయిదు చోట్లా ముదరట్లేదే?"

ఆమె ఆయన మొహంలోకి చూసింది. "అక్కడెప్పుడైనా తిన్నారా?"

నూనె వస్తువులు ముట్టొద్దని డాక్టరు చెప్పి తొమ్మిదేళ్ళయింది. అంతకుముందు తిన్నాడేమో, తిన్నట్టు మాత్రం పెద్దాయనకు గుర్తులేదు. ఒక పక్క తలుపులు తెరుస్తున్న చప్పుడవుతోంది. ఆయన గొంతు తగ్గించి, "ఆ అంకె నీ చేతి నుంచి వచ్చిందే కదా" అన్నాడు. బయట ఎవరితోనూ ఎన్నడూ అనని మాట అది. "నువ్వు మూకుట్లోంచి తీస్తుంటే నేను పక్కన నిలబడి గడియారం చూశాను. పది వాయిలు. పదికి పదీ రెండొందలు. మర్చిపోయావా?"

"మర్చిపోవడమేం? ఆ రోజు గ్యాస్ బండ అయిపోవచ్చింది కదా."

"ఏమిటీ?"

"మంట లేదు సార్. బండ అడుగున వేడినీళ్ళ గుడ్డ చుట్టి, కాస్త ఒరగబెట్టి, ఎలాగో సాయంత్రం దాకా లాగాం. మంట చాలనప్పుడు నూనె నిదానంగా పలుకుతుంది. అందుకే వాయికి ఇరవై ఎక్కువ పట్టింది. మర్నాడు కొత్త బండ వచ్చింది. అప్పట్నుంచీ ఇంతే, మీరిప్పుడు చూశారే, ఇంతే."

"మరి నాకు చెప్పలేదేం?"

"మర్నాడు మీరు కొలవలేదుగా. రెండో దుకాణానికి చోటు చూడ్డానికి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి బోర్డు రాయించుకొచ్చేశారు. రంగు కూడా ఆరలేదు. చెబుదామనే నోరు తెరిచాను. మీ మొహంలో ఆ సంతోషం చూసి ఊరుకున్నాను."

ఆమె రెండు ముక్కలు కాగితంలో పెట్టి అందించింది. ఆయన ఒకటి కొరికాడు. పైన పల్చటి పెచ్చు, లోపల వెన్న. ముప్పై మూడేళ్ళ కిందటి మొదటి వారం నాలిక మీదికి వచ్చింది. రెండోది కూడా తినేశాడు.

అక్కణ్ణుంచి నాలుగు వీధులవతల ఉన్న తొమ్మిదో నంబరుకి నడిచాడు, కారు పిలవలేదు. టోపీ కిందికి లాక్కుని వరసలో నిలబడి ఒక పొట్లం కొన్నాడు. మూల బల్ల దగ్గర కూర్చుని తిన్నాడు. ముక్క విరిస్తే టప్‌మంది. చివర్లు చేదుగా ఉన్నాయి. చుట్టూ జనం హాయిగానే తింటున్నారు. పిల్లలు కరకరా నమిలి నవ్వుకుంటున్నారు. ఇన్నేళ్ళూ పెట్టిందే పెడితే ఏదైనా రుచి అయి కూర్చుంటుంది. రంగు ముదురుగా ఉందని మొదట్లో ఫిర్యాదులు వచ్చేవి. దుంపల రకం మార్చాడు. ముక్క మందం రెండుసార్లు మార్చాడు. నూనె మార్చాడు. మంచి దుంపలు పంపుతున్న ఒక రైతును ఇకమీద నీ సరుకు వద్దు పొమ్మన్నాడు. అన్నీ మార్చాడు, అంకె జోలికి మాత్రం వెళ్ళలేదు. ఖాళీ పొట్లం మీద గడియారం బొమ్మను ఆయన చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు.

బుధవారం కూతురు మొత్తం విని, కలం మూత తీసి పెట్టి, తీసి పెట్టి, "ఇప్పుడు అంకె మార్చమంటావా నాన్నా?" అంది. "నలభై ఆరు బోర్డులు. జనం మనల్ని పిలిచే పేరే అది. ఇన్నాళ్ళూ తప్పు తినిపించాం అని దండోరా వేసుకుందామా? వాళ్ళకి అదే ఇష్టం. కరకరలాడకపోతే గొడవ చేస్తారు."

"మరి ఆవిడ సంగతి?"

"ఆవిణ్ణి పంపించెయ్యాలని నాకు మాత్రం సరదానా? ఉత్తరం ఇస్తాను. ఆవిడకి తనిఖీ నుంచి మినహాయింపు. గోడ మీద కాగితం తీయించేస్తాను. ఆవిడ ఉంటుంది, గంటా ఉంటుంది. ఎవరికీ నష్టం లేదు."

పది నిమిషాల్లో ఉత్తరం వచ్చింది. పెద్దాయనకు గుండెల మీంచి బరువు దిగినట్టయింది. అలా దిగినందుకు కొంచెం సిగ్గు కూడా వేసింది. సిగ్గును కోటు జేబులో ఉత్తరంతో పాటు మడిచి పెట్టుకుని మధ్యాహ్నం దుకాణానికి వెళ్ళాడు.

నూనెక్క దుంపల బస్తా మీద కూర్చుని అన్నం తింటోంది. ఆమెకు అంకెలు తెలుసు, అక్షరాలు రావు. అందుకని ఆయనే చదివాడు. దీర్ఘకాల సేవను, వయసును దృష్టిలో ఉంచుకుని సంస్థ దయతో, అని ఉంది అందులో. ఆ దయ అన్నమాటను ఆయన గబగబా దాటించేశాడు.

ఆమె ముద్ద మింగి నీళ్ళు తాగింది. "అంటే తప్పు నాదే. ముసలిదాన్ని కదా, పోనీలే అని వదిలేస్తున్నారు."

"అలా కాదక్కా."

"మరెలా?"

ఆయన ఉత్తరంలోకి మళ్ళీ చూశాడు.

"నా మనవరాలు మూడో నంబరులో కౌంటరు మీద పనిచేస్తుంది, తెలుసా మీకు? అక్కడ గోడ మీదా నా కాగితం ఉంది. నిన్న ఇంటికొచ్చి, అమ్మమ్మా నీకు చెవుడొచ్చిందా అని అడిగింది. గంట వినపడక తీసేస్తున్నానని అందరూ అనుకుంటున్నారట. చెవుల డాక్టరుకి చూపిద్దాం రమ్మంటుంది." గిన్నె మూత పెట్టింది. మూత సరిగ్గా పడలేదు, మళ్ళీ పెట్టింది. "నాకు చెవుడు! ఈ చెవుల మీద కాదూ మీ నలభై ఆరు దుకాణాలూ లేచింది?"

ఆమె ఆ మాట గట్టిగా అనలేదు. అయినా బన్నులు కోస్తున్నవాళ్ళ కత్తులు ఆగాయి.

"ఉద్యోగం పోతే పోయింది సార్. దయతో ఉంచకండి. తప్పెవరిదో ఆ గోడ మీద రాసి అప్పుడు పంపించండి, సంతోషంగా వెళ్తాను."

ఆయన ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు ఇంటికి వెళ్ళి కంచం ముందు కూర్చున్నాడు. ఎవరి మీదైనా కోపం తెచ్చుకుందామని చూశాడు. కోపగించుకోవడానికి తను తప్ప ఎవరూ దొరకలేదు.

గురువారం పదకొండుకు తనిఖీ అధికారి వచ్చాడు. సన్నటి మనిషి, మొహమాటం లేనివాడు. మొహమాటం లేదనే రెండేళ్ళ కిందట పెద్దాయన అతన్ని ఏరి తెచ్చుకున్నాడు. అట్టకు కాగితం తగిలించుకుని వంటగదిలోకి వచ్చేసరికి నూనె తొట్టి ముందు పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఏప్రాను తాళ్ళు వెనక్కి చేరక తంటాలు పడుతున్నాడు. నూనెక్క వెనకనుంచి వచ్చి ముడి వేసింది, బిగించి, ఇంకో ముడి.

"ఈ పూట తొట్టి దగ్గర నేనుంటానక్కా. నువ్వు విని చెప్పు, నేను తీస్తాను."

"ఎందుకు సార్ ఇదంతా?"

"చెప్పు చాలు."

మొదటి బుట్ట దించాడు. నూనె ఎగసి మణికట్టు మీద చురుక్కుమంది. ఆమె తల వంచింది, ఆయనా వంచాడు. గోల తగ్గడం తెలిసింది. ఆ తర్వాత ఎంత చెవులు రిక్కించినా ఆయనకు అంతా ఒకే చప్పుడు. "ఊఁ" అంది. తీశాడు. విదిలించాడు. గంట వెనకాల కొట్టింది. మూడో బుట్టకి ఆయన కన్ను పలక మీద అంకెల వైపు పోయింది, చెయ్యి అరక్షణం ఆలస్యమైంది. ఆమె ఆయన మోచేతి మీద ఒక్కటి తట్టింది.

"గడియారం చూడకండి. అప్పుడూ అంతే, దాన్నే చూస్తూ నిలబడ్డారు."

పన్నెండు బుట్టలు అయ్యాయి. పన్నెండుసార్లు గంట ఖాళీ నూనె మీద మోగింది. పెద్దాయన చెమటతో తడిసిపోయాడు. ముక్క ఎప్పుడు వేగుతుందో తనకు ఆ రోజూ తెలియదు, ఈ రోజూ తెలియదు. తెలిసిన మనిషి పక్కన నిలబడ్డాడు, అంతే. అది ఒప్పుకోవడం ఇంత కష్టమనీ, ఒప్పుకున్నాక ఇంత తేలిగ్గా ఉంటుందనీ ఆయనకు తెలియదు.

తనిఖీ అధికారి కలం పైకెత్తి పట్టుకుని ఉన్నాడు. "సార్, ఇది ఎవరి పేరున రాయమంటారు?"

"రూలు ఏమంటోంది?"

"తొట్టి దగ్గర ఎవరుంటే వాళ్ళ పేరున."

"ఎవరున్నారు?"

"మీరు."

"మరింకేం, రాయి."

అతను రాశాడు. చేతిరాత ఎప్పుడూ గుండ్రంగా ఉండే మనిషికి ఆ వేళ అక్షరాలు వంకరపోయాయి. పెద్దాయన అట్ట అందుకుని కింద ఉన్న గడి మీద వేలు పెట్టాడు.

"ఆ గడి ఎవరూ నింపరు సార్."

"తెలుసు."

చెయ్యి తుడుచుకుని నిలబడే రాశాడు. రెండుచోట్ల సంతకం చేశాడు, తప్పు చేసిన మనిషి దగ్గర ఒకటి, యజమాని దగ్గర ఒకటి. సోమవారం దాకా ఆగనక్కర్లేదు, ఇప్పుడే పంపించు అన్నాడు.

మూడు గంటలకు కూతురు ఫోను చేసింది. "నాన్నా, ఇది నలభై ఆరు చోట్లా అంటించమంటావా?"

"అంటించాలి కదా. రూలు నాదే."

ఆయన ఫోను చెవి మార్చుకున్నాడు.

"బోర్డుల సంగతి తర్వాత మాట్లాడదాం" అంది చివరికి. తర్వాత, "చెయ్యి కాలిందట కదా. మందు రాసుకో" అంది.

శుక్రవారం పెద్దాయన వెళ్ళాలని అనుకోలేదు. కాళ్ళు తీసుకెళ్ళాయి. వెనక గుమ్మంలో దుంపల బస్తాల పక్కన నిలబడిపోయాడు, లోపలికి వెళ్ళే ధైర్యం చాలక. దుకాణం తెరిచారు, ముందువైపు జనం సందడి వినిపిస్తోంది. మేనేజరు గోడ మీద పాత కాగితం గీకి తీసి, కొత్తది అంటిస్తున్నాడు.

"ఏం రాశారు అందులో?" అని అడిగింది నూనెక్క బుట్ట దించుతూ. "ఆ కింది గడిలో."

మేనేజరు చదివాడు. "గంట తప్పు. కొలిచిన రోజు గ్యాస్ బండ అయిపోవచ్చింది. సరైన వేళ ఈ తొట్టి దగ్గర పనిచేసే ఆవిడ చెవికి తెలుసు. మొదటినుంచీ అది ఆవిడదే. నేను పక్కన నిలబడి చూశాను, చూసి నాదని చెప్పుకున్నాను."

నూనె గోల పెడుతోంది. ఆమె చెయ్యి బుట్ట పిడి మీద ఉంది.

"ఇది మూడో నంబరులో కూడా అంటించారా?"

"అన్నిచోట్లా అక్కా. ఈపాటికి మీ మనవరాలు చదివే ఉంటుంది."

"మళ్ళీ చదువు. ఆ చివరిది."

మేనేజరు మళ్ళీ చదివాడు, ఈసారి నెమ్మదిగా. నూనె సన్నబడింది. చిటచిటలాడింది. ఆ చిటచిట కూడా అణిగిపోయింది. ఆమె గోడ మీది కాగితం వైపే, తనకు రాని ఆ అక్షరాల వైపే చూస్తోంది. బన్నులు కోసేవాళ్ళు చేతులు ఆపి ఆమె వైపు చూస్తున్నారు.

గంట కొట్టింది.

ఆమె ఉలిక్కిపడి బుట్ట ఎత్తింది. విదిలించి పళ్ళెంలో కుమ్మరించింది. ఇటుక రంగులో ఉన్నాయి. ముప్పై మూడేళ్ళలో ఆమె చేతి కింద నూనెలో గంట దాకా ఉన్న బుట్ట అదొక్కటే. ఒక ముక్క తీసి ఊదుకుని కొరికి, మొహం చిట్లించింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుని తల తిప్పేసరికి గుమ్మంలో పెద్దాయన కనబడ్డాడు.

"చూశావా తమ్ముడూ" అంది. "నీ మూలంగా మాడిపోయాయి."